పైకప్పు ప్రశ్నలు: ముందు చూరు తేల్చండి, కొప్పు తర్వాత

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా పైకప్పుల గురించే. వానాకాలం కదా, కారుతున్న కప్పులేమో అనుకున్నాను. చూస్తే కంప్యూటర్లో, ఎక్కువగా రెవిట్ అనే భవనాల డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో, కుదరని కప్పులు! అదీ మంచిదే. స్క్రీన్ మీద కుదరనిదాన్ని సైటులో వడ్రంగి సర్దుకుంటాడులే అని వదిలేసేవాళ్లతోనే నాకు పేచీ. వడ్రంగి సర్దుతాడు నిజమే, కానీ ఆ సర్దుబాటుకి కలప ఖర్చయ్యేది ఇంటి ఓనరుకి.

నమస్తే మేడమ్. నేను బి.ఆర్క్ నాలుగో సంవత్సరం. కోనసీమలో మండువా లోగిలి పద్ధతిలో ఒక గెస్ట్ హౌస్ నా స్టూడియో ప్రాజెక్టు. చూరు అంచు నుంచి అంచుకు 14 మీటర్లు, 12 మీటర్లు. సరిగ్గా మధ్యలో ఆకాశం కనబడే మండువా, దాని చుట్టూ లోపలి చూరు 4 మీటర్ల చదరం. అన్ని వాలులూ 30 డిగ్రీలే ఇచ్చాను. అయినా రెవిట్‌లో కొప్పు (రెండు వాలులు పైన కలిసే గీత) రెండు పక్కల ఎత్తుగా, రెండు పక్కల పల్లంగా వస్తోంది. మూలల దగ్గర ఒక వంకర ముక్క పుడుతోంది. కొప్పును పట్టుకుని లాగుదామంటే కదలదు. ఎల్లుండి రివ్యూ, ఒకటే టెన్షన్. — విద్యార్థిని, విజయవాడ

అమ్మాయీ, ముందు టెన్షన్ మానెయ్. రెవిట్ తప్పు చేయలేదు, నువ్వు చెప్పిందే గీసింది. నీ ఇంట్లో ఎడమ, కుడి పక్కల కప్పు వెడల్పు ఎంత? 14 లోంచి 4 తీసి సగం చేస్తే 5 మీటర్లు. ముందు, వెనక పక్కల వెడల్పు? 12 లోంచి 4 తీసి సగం చేస్తే 4 మీటర్లు. రెండు చూర్లూ ఒకే ఎత్తులో ఉండి వాలు కూడా ఒకటే అయితే కొప్పు సరిగ్గా మధ్యలో పడుతుంది. అంటే వెడల్పు పక్కన చూరుకి 2.5 మీటర్ల దూరంలో, ఇరుకు పక్కన 2 మీటర్ల దూరంలో. 30 డిగ్రీల వాలులో మీటరుకి దాదాపు 58 సెంటీమీటర్లు లేస్తుంది. ఒక కొప్పు చూరు నుంచి 1.44 మీటర్లు లేస్తే, ఇంకోటి 1.15 దగ్గరే ఆగిపోతుంది. ఆ 29 సెంటీమీటర్ల తేడాని ఎక్కడో ఒకచోట దించాలి కాబట్టి ప్రతి మూలలోనూ ప్లానులో 70 సెంటీమీటర్ల పొడవున్న ఏటవాలు కొప్పు ముక్క ఒకటి పుట్టింది. నువ్వు వంకర ముక్క అంటున్నది అదే. దాన్ని చెరిపేయాలని చూడకు, దాని కారణాన్ని చూడు.

ఇలాంటి కప్పుల్లో మనం నిర్ణయించేది కొప్పు కాదు, చూరు. ఏ చూరు ఏ ఎత్తులో ఉంది, అక్కడి నుంచి కప్పు ఎంత వాలుతో లేస్తుంది, ఈ రెండూ ప్రతి అంచుకీ తేలితే కొప్పులూ మూలలూ వాటంతట అవే వస్తాయి. అందుకే, చూరు గీతల నుంచి కప్పును లేపే ఫుట్‌ప్రింట్ రూఫ్‌లో కొప్పు పట్టుకుంటే కదలదు. కదలకూడదు కూడా.

నీ ముందు మూడు దారులున్నాయి. నాకు నచ్చేది మొదటిది: మండువా చూరును 5 మీటర్లు, 3 మీటర్లు చెయ్. అప్పుడు నాలుగు పక్కలా కప్పు వెడల్పు 4.5 మీటర్లే అవుతుంది, కొప్పు చుట్టూ ఒకే మట్టంలో 1.30 మీటర్ల ఎత్తున తిరుగుతుంది. మండువా చదరంగానే ఉండాలని మీ ప్రొఫెసర్ పట్టుబడితే రెండో దారి: వెడల్పు పక్కల వాలును 24.8 డిగ్రీలకు దించు. కొప్పులు కలుస్తాయి. కానీ మంగళూరు పెంకుకి ఆ వాలు నేనైతే ఒప్పుకోను, గోదావరి జిల్లాల వానకి అసలే ఒప్పుకోను. మూడోది, ఇరుకు పక్కల చూర్లను 29 సెంటీమీటర్లు లేపడం. అలా చేస్తే మూలల్లో చూర్లు కలవక మెట్లు పడతాయి. దాని జోలికి వెళ్లకు.

గీసే పద్ధతి చెబుతాను. రూఫ్ బై ఫుట్‌ప్రింట్‌లో బయటి చూరు ఒక మూసిన చట్రం, మండువా చూరు దాని లోపల ఇంకో మూసిన చట్రం. ఎనిమిది గీతలకీ డిఫైన్స్ స్లోప్ టిక్ (ఈ గీత నుంచి కప్పు వాలుతో లేవాలని చెప్పేది) ఉండాలి. చాలామంది లోపలి నాలుగింటికీ టిక్ తీసేస్తారు. అప్పుడు బయటి వాలులే పైకి పోయి, మండువా దగ్గర కప్పు కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. లోగిలి కాస్తా చిమ్నీ అవుతుంది.

పాత లోగిళ్లలో మండువా వైపు చూరు బయటి చూరు కంటే కిందికి దిగి ఉంటే నీకూ అలాగే కావాలనిపించవచ్చు. లోపలి నాలుగు గీతల్నీ ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో ఆఫ్‌సెట్ ఫ్రమ్ రూఫ్ బేస్ దగ్గర మైనస్ 40 సెంటీమీటర్లు ఇవ్వు. 4.5 మీటర్ల వెడల్పులో కొప్పు మధ్య నుంచి 35 సెంటీమీటర్లు బయటి వైపుకి జరిగి, బయటి చూరు మీద 1.10 మీటర్ల ఎత్తున నిలుస్తుంది. ఇలా జరగడం తప్పేమీ కాదు. కొప్పు కింద గోడ వస్తుందా, దూలం వస్తుందా అనేది అప్పుడు ప్లానులో మళ్లీ చూసుకో.

ఇక రివ్యూలో ఎవరూ అడగకపోయినా నేను అడిగేది ఒకటుంది. మండువా నాలుగు మూలల్లో రెండేసి వాలులు లోపలికి కలిసే గీత, మన ఆఫీసుల్లో వ్యాలీ అంటామే, దాని వాలు ఎంత? కప్పు 30 డిగ్రీలైతే వ్యాలీ 22 డిగ్రీలే. నీళ్లు ఏటవాలుగా, ఎక్కువ దూరం ప్రయాణించి అదే ఎత్తు దిగుతాయి కాబట్టి అక్కడ వాలు తక్కువ. రెండు కప్పుల నీళ్లూ పడేది ఆ తక్కువ వాలు మీదే. పెంకుల్ని అక్కడ ఏటవాలుగా కోస్తారు, కోసిన అంచు కింద రేకు కాలువ లేకపోతే మొదటి వానకే వాసం తడుస్తుంది. రెవిట్‌లోని గట్టర్ అడ్డంగా ఉన్న చూరు అంచుల్నే పట్టుకుంటుంది, వ్యాలీ ఎక్కదు. ఇన్‌ప్లేస్ మోడల్ తీసి, వ్యాలీ గీత వెంట స్వీప్ (ఒక ఆకారాన్ని గీత పొడవునా లాగే పనిముట్టు) వేసి ఆ రేకును చూపించు. మీ జ్యూరీలో సైటు చూసినవాళ్లు ఒక్కరున్నా ఆ రేకు దగ్గర ఆగుతారు.

పెంకుల లెక్క కూడా చూపించేటట్టయితే ఒక సరిచూత. ప్లానులో కప్పు వైశాల్యం 14 ఇంటూ 12 లోంచి 5 ఇంటూ 3 తీస్తే 153 చదరపు మీటర్లు. వాలులన్నీ 30 డిగ్రీలే కాబట్టి దాన్ని 0.866 తో భాగించు, దాదాపు 177 వస్తుంది. షెడ్యూల్‌లో, అంటే రెవిట్ లెక్కల పట్టికలో, వచ్చే అంకె దీనికి దగ్గరగా లేకపోతే ఎక్కడో ఒక గీతకి వాలు తప్పింది. పెంకుల్ని ఒక్కొక్కటిగా మోడల్ చేయొద్దు. ఫైలు బరువెక్కి రివ్యూ రోజున లేవదు. కప్పు ముఖం మీద గీతలు చూపించే సర్ఫేస్ ప్యాటర్న్ చాలు.

మేడమ్, నేను హైదరాబాద్‌లో అమెరికా ఇళ్లకు డ్రాయింగులు చేసే ఆఫీసులో పనిచేస్తాను. ఒక ఇంటికి ముందువైపు వాలు 12:12, పక్కవైపు 6:12. రెండు వైపులా చూరు గోడ దాటి 18 అంగుళాలు రావాలి. మూల దగ్గర ఫాసియాలు (చూరు అంచుకి కొట్టే పలకలు) కలవడం లేదు, ఒకటి పైన, ఒకటి కింద. దీనికి తోడు వాలు కప్పులోంచి పైకి పొడుచుకొచ్చే ఒక డోర్మర్ కిటికీ. మా టీమ్ లీడ్ "ఏదో ఒకటి మేనేజ్ చేసెయ్" అంటున్నాడు. — బిమ్ మోడలర్, హైదరాబాద్

మేనేజ్ చేయొద్దు బాబూ. అక్కడి వడ్రంగి నీ డ్రాయింగు చూసే కలప కోస్తాడు.

12:12 అంటే 12 అంగుళాలు అడ్డం పోతే 12 లేస్తుంది. కాబట్టి గోడ దాటి 18 అంగుళాలు బయటికి వచ్చేసరికి కప్పు 18 అంగుళాలు దిగుతుంది. 6:12 వాలు అదే దూరంలో 9 అంగుళాలే దిగుతుంది. మూలలో నీకు కనబడుతున్న తేడా ఆ 9 అంగుళాలే, కొలిచి చూడు. రెవిట్‌లో అలైన్ ఈవ్స్ అనే పనిముట్టు ఉన్నది దీనికే. అది నిన్నొక ప్రశ్న అడుగుతుంది: ఎత్తు మార్చనా, చూరు పొడవు మార్చనా? ఈ ప్రశ్నకి జవాబు నువ్వు ఇవ్వకూడదు, ఆర్కిటెక్టు ఇవ్వాలి. లీడ్ చేత మెయిల్ పెట్టించు.

అడిగితే నా సలహా ఇది: నిటారు వైపు చూరును 9 అంగుళాలకు తగ్గించండి, రెండో వైపు 18 ఉంచండి. రెండూ 9 అంగుళాలే దిగుతాయి, ఫాసియా ఒకే మట్టంలో తిరుగుతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. రెండు వాలులు వేరైనప్పుడు అవి మూలలో కలిసే గీత ప్లానులో 45 డిగ్రీల్లో పోదు, నిటారు వైపు చూరును ఆనుకుని పోతుంది. ఇక్కడ నిటారు వైపు చూరు నుంచి ఒక పాలు జరిగితే రెండో వైపు చూరు నుంచి రెండు పాళ్లు జరుగుతుంది. చూర్లు 9, 18 అయితే ఆ గీత సరిగ్గా గోడ మూల మీదుగా వెళుతుంది, మూల వాసం గోడ మూల మీదే కూర్చుంటుంది. అదే రెండు వైపులా 18 ఉంచి నిటారు వైపు గోడను 9 అంగుళాలు లేపితే ఫాసియా కలుస్తుంది కానీ మూల వాసం గోడ మూలను తప్పిపోతుంది. కాగితం మీద ఒకసారి గీసి చూడు, స్పష్టంగా కనబడుతుంది.

డిగ్రీల్లో టైపు చేసే అలవాటుంటే ఈ ప్రాజెక్టులకి మానుకో. 6:12 అంటే 26.57 డిగ్రీలు. దాన్ని 27 అని గుండ్రం చేస్తే 16 అడుగుల అడ్డం దూరంలో కొప్పు దాదాపు రెండంగుళాలు పైకి పోతుంది. ప్రాజెక్ట్ యూనిట్స్‌లో స్లోప్‌ను వాళ్ల పద్ధతిలోకి మార్చుకుని నేరుగా 6 అని ఇవ్వు. గోడల్ని పట్టుకుని కప్పు గీస్తే ఇంకోటి కూడా చూడాలి. ప్రాపర్టీస్‌లో రాఫ్టర్ (వాసం) అని ఉంటే కప్పు ఎత్తును గోడ లోపలి ముఖం నుంచి లెక్కేస్తుంది, ట్రస్ (త్రికోణాల చట్రం) అని ఉంటే బయటి ముఖం నుంచి. ఒక రూఫ్‌కి ఒకటి, పక్క రూఫ్‌కి ఇంకోటి ఉంటే వాలులు ఎంత సరిగా ఉన్నా కప్పులు కలవవు. ఈ గొడవతో వచ్చే ఫైళ్లు నా దగ్గరికి చాలా వస్తుంటాయి. విప్పగానే ముందు చూసేది ఇదే.

డోర్మర్‌కి వరస ముఖ్యం. పెద్ద కప్పు, తర్వాత డోర్మర్ మూడు గోడలు, తర్వాత దాని చిన్న కప్పు. చిన్న కప్పు వెనక అంచును జాయిన్ రూఫ్‌తో పెద్ద కప్పు ముఖానికి కలుపు. గోడల తలను చిన్న కప్పుకి, అడుగును పెద్ద కప్పుకి అటాచ్ చెయ్. ఇదంతా అయ్యాకే డోర్మర్ ఓపెనింగ్ తీసి, ముందు పెద్ద కప్పును, ఆ తర్వాత చిన్న కప్పునూ గోడల లోపలి ముఖాలనూ ఎంచుకో. తొందరపడి వర్టికల్ ఓపెనింగ్‌తో చతురస్రం కోసేస్తే ఆ రంధ్రం నిలువుగా పోతుంది. డోర్మర్ కప్పు పెద్ద కప్పును కలిసేది త్రికోణంలో కదా, అక్కడ వెనకవైపు రెండు మూలలూ తెరుచుకుని ఉంటాయి.  సెక్షన్ కోసి చూడు.

డాబా మీద వాన నీళ్లు నిలవకుండా 1:100 వాలు రెవిట్‌లో చూపించమన్నారు. రూఫ్‌కి స్లోప్ ఇస్తే శ్లాబు మొత్తం వంగిపోతోంది. — సైట్ ఇంజినీర్, గుంటూరు

శ్లాబును మట్టంగానే ఉంచండి. టైప్‌లో ఎడిట్ స్ట్రక్చర్ తెరిచి, పైన ఉన్న మోర్టార్ పొరకి వేరియబుల్ (మందం మారవచ్చు అనే) టిక్ పెట్టండి. తర్వాత మాడిఫై సబ్ ఎలిమెంట్స్‌లో యాడ్ స్ప్లిట్ లైన్‌తో నీళ్లు విడిపోయే గీతలు వేసి, వాన నీటి గొట్టానికి దూరంగా ఉన్న అంచుల్ని లేపండి. గొట్టం దగ్గరి పాయింటును కిందికి లాగకండి, అక్కడ పొర మందం చాలక ఎర్రర్ వస్తుంది. గొట్టానికి 6 మీటర్ల దూరంలో 60 మిల్లీమీటర్లు లేపాలి. ఆ చివర అదనపు మోర్టార్ బరువు చదరపు మీటరుకి 100 కిలోలు దాటుతుంది, కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ముందే చెప్పండి. డాబా పెద్దదైతే ఇంకో గొట్టం పెట్టడమే చవక.

స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఎల్ ఆకారం ఇంటికి పెంకుల కప్పు వేయడానికి మంచి ప్లగిన్ (అదనంగా తగిలించుకునే పనిముట్టు) ఏది? — కాంట్రాక్టర్, కరీంనగర్

ప్లగిన్ అక్కర్లేదండీ. రెండు చేతుల కప్పుల్నీ విడివిడిగా, రెండు వాలులతో, ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయేలా గీయండి. రెండూ ఎంచుకుని ఇంటర్‌సెక్ట్ ఫేసెస్ కొట్టండి. కలిసిన చోట గీతలు పడతాయి, లోపల మిగిలిన ముక్కల్ని చెరిపేయండి. రెండు చేతుల వెడల్పు వేరైతే కొప్పులు కూడా వేరే ఎత్తుల్లో వస్తాయి, మొదటి ఉత్తరంలో లాగే.

విశాఖ బీచ్ రోడ్డులో ఒక చిన్న కేఫ్ డిజైన్ చేస్తున్నాను మేడమ్. 8 మీటర్ల చదరం. ఎదురెదురు రెండు మూలలు 4.5 మీటర్ల ఎత్తు, మిగతా రెండు 2.5 మీటర్లు. గుర్రం జీనులాంటి కప్పు. క్లయింటుకి బొమ్మ చాలా నచ్చింది. "ఇంత వంపు ఎవరు కడతారు, కుదరదు" అంటున్నాడు కాంట్రాక్టర్. — యువ ఆర్కిటెక్ట్, విశాఖపట్నం

నీ కాంట్రాక్టర్‌కి ఒక సంగతి చెప్పు. ఈ కప్పులో వంపు తిరిగిన కర్ర ఒక్కటి కూడా అక్కర్లేదు. దీన్ని హైపర్బోలిక్ పారాబొలాయిడ్ అంటారు. పేరు భయపెడుతుంది గానీ, ఏ అంచుకి సమాంతరంగా కోసినా వచ్చేది తిన్నని గీతే. స్పెయిన్‌లో పుట్టి మెక్సికోలో కట్టిన ఫెలిక్స్ కాండెలా బతుకంతా ఈ ఆకారం మీదే ఆడుకున్నాడు. మెక్సికో సిటీలోని షోచిమిల్కోలో 1958లో ఆయన కట్టిన లోస్ మనంతియాలెస్ రెస్టారెంటుది ఎనిమిది రెక్కల పువ్వులాంటి కప్పు, కాంక్రీటు మందం 4 సెంటీమీటర్లు మాత్రమే. సెంట్రింగుకి వాడినవి తిన్నని చెక్కలే. ఫోటోలు చూపిస్తే మీ కాంట్రాక్టర్ మెత్తబడతాడు.

రెవిట్‌లో దీన్ని ఫుట్‌ప్రింట్ రూఫ్‌తో మొదలుపెట్టకు. అది చదునైన వాలుల కోసం చేసిన పనిముట్టు. ఇన్‌ప్లేస్ మాస్ (ముందుగా వట్టి ఆకారం మలిచే పనిముట్టు) తీసి ఎదురెదురు రెండు అంచులు మాత్రం గీయి: ముందు అంచు ఎడమ చివర 2.5, కుడి చివర 4.5, వెనక అంచు ఎడమ చివర 4.5, కుడి చివర 2.5. ఆ రెండు గీతలూ ఎంచుకుని క్రియేట్ ఫామ్ కొడితే జీను వస్తుంది. వెనక అంచును తిరగేయడం మర్చిపోతే మామూలు వాలు రేకు వస్తుంది. సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి నడిమధ్య ఎత్తు కొలువు. నాలుగు మూలల సగటు, అంటే 3.5 మీటర్లు ఉండాలి. తర్వాత రూఫ్ బై ఫేస్‌తో ఆ ముఖం మీద కప్పు వెయ్యి. మాస్‌ను తర్వాత మారిస్తే కప్పు తనంతట తను మారదు, కప్పును ఎంచుకుని అప్‌డేట్ టు ఫేస్ చెప్పాలి. క్లయింటుకి పాత ఆకారం ప్రింటు వెళ్లిపోయేది ఇక్కడే.

డ్రాయింగులో కప్పు ఉపరితలంతో పాటు ఆ తిన్నని గీతల్ని కూడా చూపించు, 50 సెంటీమీటర్లకొకటి. ప్రతి గీతకీ రెండు చివరల ఎత్తులు ఒక పట్టికలో ఇవ్వు. కప్పు కట్టేవాడికి కావలసింది అదే, అతనికి నీ రెండర్ బొమ్మ అక్కర్లేదు. వాన నీళ్లన్నీ రెండు పల్లపు మూలలకే చేరతాయి, గొట్టాలు అక్కడ పెట్టు. ఇక ఊరు విశాఖ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఏం చేసిందో చూసిన ఊరు. తేలికైన కప్పుకి బరువు మోయడం కంటే గాలికి లేచిపోకుండా ఉండటమే పెద్ద పని. ఎత్తైన రెండు మూలల కింద గాలి దూరి కప్పును ఎత్తుతుంది. పునాదికి పట్టు ఎంత కావాలో స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్క కట్టేదాకా క్లయింటుకి తేదీ చెప్పకు.

ఉత్తరాంధ్ర చుట్టిళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్నాం. గుండ్రటి తాటాకు కప్పు రెవిట్‌లో ఎలా? — విద్యార్థులు, శ్రీకాకుళం

ఈ నెల వచ్చినవాటిలో అన్నిటికంటే తేలిక మీదే. ఫుట్‌ప్రింట్‌లో ఒక వృత్తం గీసి డిఫైన్స్ స్లోప్ టిక్ పెడితే శంకువు సిద్ధం. చూరు వ్యాసార్ధం 3 మీటర్లు, వాలు 45 డిగ్రీలు అనుకుంటే కొన చూరు మీద 3 మీటర్లు లేస్తుంది. తాటాకుకి వాలు నిటారుగానే ఉండాలి, లేకపోతే నీళ్లు ఆకులోకి ఇంకుతాయి. ప్రాపర్టీస్‌లో నంబర్ ఆఫ్ ఫుల్ సెగ్మెంట్స్ అని ఉంటుంది, దాన్ని సున్నా దగ్గరే ఉంచండి. అంకె ఇస్తే కప్పు పలకలు పలకలుగా విరుగుతుంది, మండపానికి బాగుంటుంది గానీ చుట్టింటికి కాదు.

మందం 15 సెంటీమీటర్ల శ్లాబులా వదిలేయకండి, దగ్గర్లోని ఊరికి వెళ్లి చూరు దగ్గర టేపుతో కొలిచి అదే ఇవ్వండి. చూరును కూడా వంగి లోపలికి వెళ్లేంత కిందికి దించండి. తుఫాను గాలి గోడకి తగలకుండా కప్పు మీదుగా జారిపోయేది అందువల్లే. అంచు దగ్గర రాఫ్టర్ కట్ మార్చి మార్చి చూడండి: ప్లంబ్ కట్ అయితే అంచు నిలువుగా తెగుతుంది, టూ కట్ స్క్వేర్ వాలుకి లంబంగా తెగుతుంది. మీరు చూసిన ఇంట్లో ఆకును ఎలా కత్తిరించారో దాన్నిబట్టి ఎంచుకోండి. ఫాసియా మాత్రం పెట్టకండి, తాటాకు కప్పుకి ఎక్కడా ఉండదు.